గిట్టల చప్పుడు

నల్లగుట్ట అడవిలో ఓ బుల్లి యూనివర్సిటీ ఉండేది. దాని క్రీడావిభాగం అంటారా, గతుకుల మైదానం ఒకటి, విజిలు ఒకటి, ఆ విజిలు ఊదే ముసలి ఎద్దు బసవయ్య మాస్టారు. అంతే! ఈసారి యూనివర్సిటీల పోటీల్లో ఒక్క పతకమైనా రాకపోతే ఆ మైదానంలో గడ్డి గోదాము కట్టేస్తానని వైస్ చాన్సలర్ ఏనుగుగారు తేల్చి చెప్పేశారు.

ఆ మాట విన్నప్పటి నుంచి రంగి అనే మేకకు మేత సయించలేదు. నాలుగేళ్లుగా తెల్లారకముందే లేచి పరిగెత్తింది అక్కడే కదా! రిలేలో రంగిది మొదటి వంతు. కర్ర తీసుకెళ్లి కుందేలు చిట్టికి అందించాలి.

పోటీలకు నాలుగు రోజుల ముందు క్రీడా కార్యదర్శి నక్క జంబులయ్య నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏమీ అనుకోకు రంగీ. నీ బదులు చిరుతను దింపుతున్నా. నిన్ననే బి.ఏ.లో చేర్పించా."

"చిరుతనా! చిట్టికి చెప్పారా?"

"చిట్టికేంటి, ఎవరికీ చెప్పను. అవతలి జట్లకు తెలిస్తే కొంప మునుగుతుంది. పోటీనాడే బయటికి తీస్తా."

"ఒక్కసారైనా కలిపి పరిగెత్తించవయ్యా," అన్నారు పక్కనే ఉన్న మాస్టారు.

"ఊరుకోండి మాస్టారూ! ఆ కాళ్లు చూశాక కూడా ప్రాక్టీసంటారేంటి?"

రంగికి ఏడుపొచ్చింది. అయినా మైదానం నిలబడితే అదే చాలనుకుని కళ్లు తుడుచుకుంది.

పోటీనాడు రెండు రిలేలు, సాయంత్రం పెద్దది, ముందుగా పొద్దున చిన్నది. విజిలు మోగిందో లేదో చిరుత అందరినీ వెనకేసి దూసుకొచ్చింది. జంబులయ్య అప్పుడే పూలదండ చేతిలో పట్టుకున్నాడు. అటు చిట్టి ఎప్పట్లాగే చెయ్యి వెనక్కి చాచి నిలబడింది. ఎంతకీ చప్పుడే లేదు! ఏమైందబ్బా అని తిరిగి చూసింది.

"అమ్మో!"

ఒక్క గెంతులో కంచె దాటి పొదల్లో పడింది. చిరుత కర్ర నోట కరుచుకుని అక్కడే నిలబడిపోయింది పాపం. జట్టు ఆ పోటీ నుంచి అవుట్.

రంగి పరుగున వెళ్లింది. "ఏమైందే చిట్టీ?"

"నీ గిట్టల టకటక వింటేనే నేను కదులుతానక్కా. నాలుగేళ్లలో ఒక్కసారైనా తిరిగి చూశానా? ఈ చిరుత అడుగులు వినబడవు. చూస్తేనేమో కోరలు!" పొదల్లోంచి తొంగిచూస్తూ అంది చిట్టి.

ఇది విని చిరుత తల దించుకుంది. "తప్పు నాదే. సాయంత్రం పెద్ద రిలేకి రంగినే పంపండి మాస్టారూ."

జంబులయ్య ఏదో అనబోయాడు. మాస్టారు కొమ్ములు ఒక్కసారి ఊపేసరికి పూలదండ పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు.

సాయంత్రం రంగి ఆయాసపడుతూ నాలుగో స్థానంలో వచ్చింది. టకటక వినబడగానే చిట్టి కదిలింది, చూడకుండానే కర్ర అందుకుని ఒకరిని దాటేసింది. తరవాత లేడి, అడవిపంది ఆ స్థానం చేజారనివ్వలేదు. మూడో బహుమతి! కంచు పతకం మెళ్లో పడగానే రంగి భోరుమని ఏడ్చింది. గోదాము ఇంకెక్కడైనా కట్టుకుందాం లెమ్మన్నారు ఏనుగుగారు.

మర్నాడు పొద్దున్నే రంగి చిరుత కాళ్లకు గజ్జెలు కట్టింది. చిట్టి వెనక్కి చెయ్యి చాచింది, ఒళ్లంతా వణుకుతున్నా సరే. గజ్జెలు ఘల్లుమంటూ దగ్గరికొచ్చాయి. ఈసారి కర్ర చేతిలో పడింది. జంబులయ్యేమో పూలదండ ఎండిపోతుండగా గట్టు మీద కూర్చుని రోజూ ఆ ప్రాక్టీసు చూడాల్సి వచ్చింది, మాస్టారి ఆజ్ఞ మరి!

నీతి: కలిసి సాధన చెయ్యనివాడు ఎంత వేగంగా వచ్చినా, వాడి చేతి నుంచి అందుకునేవాళ్లుండరు.