పదో వంతు జీపు

మాడుగులలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే కాపురం ఉంటోందని నమ్మే ఇల్లొకటి మా పక్కనే ఉంది. ఉండేది ముగ్గురే. తల్లి గవిరమ్మ, పెద్దకొడుకు సూరప్పడు, చిన్నకొడుకు గౌరినాయుడు. "ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాం. సొంత బుర్ర వాడేవాడు మా వంశంలోనే పుట్టలేదు" అని సూరప్పడు మీసం దువ్వేవాడు. అదీ నిజమే లెండి.

ఆ ముగ్గురికీ కూడు పెట్టేది ఒక పాత జీపు. గౌరినాయుడు దాంట్లో పదిమందిని ఎక్కించుకుని పాడేరు ఘాటీ ఎక్కుతాడు. పదిమందీ నిండందే తాళం తిప్పడు. ఆ జీపు టైర్లు అరిగి అరిగి గుండులా నున్నబడ్డాయి. "కొత్త టైర్లు వేస్తేనే బండి రోడ్డెక్కాలి" అని బ్రేకు ఇన్‌స్పెక్టరు కేకలేసి పోయాడు. కొత్త టైర్లు కొనే స్తోమతు వాళ్ళకెక్కడిది? జీపు ఆగింది. పొయ్యి కూడా ఆగేలా ఉందని గవిరమ్మ బెంగపెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే పట్నం నుంచి రిమోటు బండ్ల క్లబ్బువాళ్ళు మా ఊళ్ళో పోటీ పెట్టారు. రిమోటుతో నడిచే బొమ్మ జీపు వాళ్ళే ఇస్తారు. దానికి కావలసిన డీజిలు డబ్బా, నిచ్చెన, టార్పాలిను వగైరా మనం ఇంట్లో ఉన్న పాత సామానుతో చేసి పెట్టాలి. ఎవరిది అచ్చం నిజం బండిలా ఉంటే వాళ్ళకి నిజం జీపు టైర్లు నాలుగు, సరికొత్తవి!

బొమ్మ చేతికిస్తూ క్లబ్బు పెద్ద రఘురామ్ గారు చెప్పారు. "ఏ సామానైనా సరే, అసలుదానిలో పదో వంతు ఉండాలి. తెలిసిందా?"

"తెలియకేం బాబూ!" అన్నాడు సూరప్పడు.

అంతే. ఊరంతా షాంపూ సీసాలతో డబ్బాలూ, చీపురుపుల్లలతో నిచ్చెనలూ, చిరిగిన గొడుగు గుడ్డతో టార్పాలిన్లూ చేస్తుంటే మనవాళ్ళకి ఒకటే నవ్వు. "డబ్బాలో పదో వంతు అడిగితే షాంపూ సీసా పెడతారట, వెర్రి జనం!" అని సూరప్పడు జీపులో ఉన్న అసలు డబ్బా దింపి రంపం పెట్టాడు.

"ఒరే, అందులో డీజిలుందిరా!" అని గవిరమ్మ అరిచింది.

"ఉండనీవే అమ్మా. డబ్బాతో పాటు అదీ పదో వంతు అవుద్ది."

ఇంకేముంది, డీజిలంతా వాకిట్లో పారింది. డబ్బా పది ముక్కలైంది. ఒక ముక్క బొమ్మకి కట్టారు.

తర్వాత నిచ్చెన. దానికి పది మెట్లు. పాత సామాను వెతుకుతానని గవిరమ్మ అప్పుడే ఆ నిచ్చెన మీదే అటకెక్కింది. ఆవిడ అటు తిరగ్గానే ఇటు మెట్లన్నీ కోసేశారు.

"ఓలమ్మో, నేనెలా దిగాల్రా?"

"మెట్లెక్కడికీ పోలేదే అమ్మా! ఒక్కొక్కటే విసురుతాను, వేసుకుంటూ దిగు" అని గౌరినాయుడు మెట్లు విసరడం మొదలెట్టాడు. ఆవిడ గోల వినలేక నేనే మా నిచ్చెన తెచ్చి దింపాను. సూరప్పడు రంపం పట్టుకుని మా నిచ్చెన వైపు అదోలా చూశాడు. భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చేశాను.

బొమ్మకి అన్నీ కట్టారు గానీ ఒళ్ళంతా ప్లాస్టిక్కే కదా. ఇది నిజం బండిలా ఎలా ఉంటుంది? అంతే, జీపు బానెట్టు కోశారు. ఆనక తలుపులు, సీట్లు, టాపు. సాయంత్రానికి వాకిట్లో జీపు లేదు, ఇనప ముక్కల కుప్ప ఉంది.

"ఒరే, రేపట్నుంచి కిరాయి ఎలాగరా?" అంది గవిరమ్మ బిక్కమొహంతో.

"బొమ్మకి పోయింది ఒక్క వంతేనే. తొమ్మిది వంతులు మనకే మిగిలాయి! పరీక్షలో వందకి తొంభై వచ్చినవాడు ఫెయిలవుతాడా?" అన్నాడు సూరప్పడు. ఆవిడ కుదుటపడింది.

ఇక డ్రైవరు. డ్రైవరూ పదో వంతే ఉండాలి మరి. గౌరినాయుడు రంపం వంక చూసి గోడకి అతుక్కుపోయాడు. "చెయ్యి చాపరా పిరికోడా! నీకు వేళ్ళు పది. అందులో ఒకటి కూర్చుంటే చాలు" అంది గవిరమ్మ. ఆ తెలివికి కొడుకులిద్దరూ ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టారు.

పోటీ రోజున బల్ల మీద బొమ్మ. పక్కన మోకాళ్ళ మీద గౌరినాయుడు, బొటనవేలు డ్రైవరు సీట్లో పెట్టి, చెమటలు కక్కుతూ. రఘురామ్ గారు కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"అబ్బ! ఈ తుప్పు ఎంత సహజంగా ఉందీ! ఏం రంగు వాడారు?"

"రంగు కాదు బాబూ. ముప్ఫై ఏళ్ళ వాన. మా నాన్న మొదలెట్టాడు" అన్నాడు సూరప్పడు.

"ఎంత ఓపిక! మరి డ్రైవరు? ఆ గోరు, ఆ మట్టి! ఎంత కళ!" అని తక్కిన పెద్దలంతా తలలూపారు. ఒకాయన వేలికి ఫొటో కూడా తీసుకున్నాడు. మొదటి బహుమతి మనవాళ్ళకే!

నాలుగు టైర్లూ దొర్లించుకుంటూ ఇంటికొచ్చారు. వచ్చి చూస్తే బిగించడానికి జీపు లేదు. గౌరినాయుడు టైరు మీద కూలబడి భోరుమన్నాడు.

గవిరమ్మ మాత్రం బొమ్మనే చూస్తోంది. "ఒరే సూరప్పా, ఇది జీపులో ఎంత?"

"పదో వంతే అమ్మా."

"మరి ఇలాంటివి పదైతే?"

"నిండు జీపే అమ్మా!" అని సూరప్పడు గంతేశాడు. అంతే, పరుగున పోయి టైర్లు నాలుగూ క్లబ్బువాళ్ళకే ఇచ్చేసి, బదులుగా తొమ్మిది బొమ్మలు పట్టుకొచ్చాడు.

మర్నాడు పొద్దున జీపు స్టాండులో పది బొమ్మలు తాడుతో కట్టి వరసగా నిలబెట్టారు. గౌరినాయుడు రిమోటు పట్టుకుని అరుస్తున్నాడు. "పాడేరు, పాడేరు! పదిమందే! బొమ్మకొకరు! టైర్లు చూసుకోండి బాబూ, నలభై టైర్లు, అన్నీ కొత్తవే! ఇక ఏ ఇన్‌స్పెక్టరొస్తాడో రమ్మనండి!"

నాలుగు చీవాట్లు పెడదామని గబగబా వెళ్ళాను. తీరా చూస్తే అప్పటికే ఎనిమిదిమంది గొంతుక్కూర్చుని కిటికీ పక్క చోటు కోసం కొట్టుకుంటున్నారు. ముందు సీటు ఖాళీగా ఉంది.

నవ్వకండి. పాడేరులో నాకూ పనుంది మరి. పొద్దుట్నుంచీ అందులోనే కూర్చుని ఉన్నాను. పోనివ్వరా అంటే గౌరినాయుడు వినడే! ఇంకొక్కరు ఎక్కితే గానీ బండి కదల్దట.