మీరా చేతికే పడే గేర్లు

కనుమ దిగుతుండగా వ్యాను గేరు రాడ్డు నాగూర్‌మీరా చేతిలోకి ఊడి వచ్చింది.

వెనక ఆరుగురున్నారు. అందరూ టౌన్లో డయాలసిస్ చేయించుకుని ఊళ్ళకి తిరిగి వస్తున్నవాళ్ళే. ఉతికి పిండిన బట్టల్లా సీట్లకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. కోటయ్య మాస్టారు ఒక్కడే కళ్ళు తెరిచి చూశాడు.

"ఏందయ్యా మీరా, అది పీకావెందుకు? ఇంటికి తీసకపోతావా?"

మీరాకి నవ్వు రాలేదు. బ్రేకు మీద వ్యాను నిలిపాడు. చక్రాలకి రాళ్ళు పెట్టి, కిందకి దూరి, ఊడిన చోట తీగ చుట్టాడు. మూడో గేరు ఎటూ నిలవదు, వేసిన కాసేపటికే జారి న్యూట్రల్లోకి వచ్చేస్తుంది. దానికోసం ఎప్పుడూ కట్టే సైకిల్ ట్యూబు ముక్క ఉండనే ఉంది. పైకి లేచేసరికి ఎడమ మణికట్టు వాచిపోయింది. కొండ మీద ఎండ, ఎవరో పసుపు చీర ఆరేసి మరిచిపోయినట్టుంది. అంత అందంగా ఉన్నా ఆవేళ చూడబుద్ధి కాలేదు.

కొండ కింద దర్గాలో హుసేన్ తాత ఉంటాడు. పరుపులు కుట్టుకుని బతుకుతాడు. ఏ కులంవాళ్ళొచ్చినా కూర్చోబెట్టి గంజి పోస్తాడు. ఆరేళ్ళ కిందట మీరా ఆయన దగ్గరికి దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. ఏదో మంత్రం చెప్తాడనుకుంటే, తాత రోగుల్ని టౌనుకి తిప్పే వ్యాను తాళం అతని చేతిలో పెట్టాడు. అప్పటికే అది ముసలి వ్యాను.

అందర్నీ దింపి దర్గాకి వచ్చేసరికి నాలుగైంది. మీరా తాత ముందు కూలబడ్డాడు.

"నా వల్ల కాదు తాతా. రెండుసార్లు గేరుబాక్సు దింపి కట్టించా. లోపల పళ్ళు మార్పించా. అయినా ఇంతే. రేపు పొద్దున మళ్ళీ ఇంకో ఆరుగురు. నా ఒళ్ళే ఇనుమైపోయినట్టుంది."

తాత సూదిలో దారం ఎక్కిస్తూ, "రేపు కాశింబీని తోలమను," అన్నాడు.

కాశింబీ దర్గాలో వంట చేస్తుంది. అంతకుముందు పదేళ్ళు ఆటో తోలింది. వ్యానుకీ లైసెన్సు తీసుకుంది.

"అక్కా? ఒకసారి ఎక్కింది గదా! రెండో గేరు వెతికీ వెతికీ రివర్సేసింది. ఇది ఆటో కాదు తాతా. నా చేతికి తప్ప ఎవరి చేతికీ పడదు."

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో అలసట లేదు.

తాత సూది పక్కన పెట్టాడు.

పొయ్యి దగ్గర్నించి కాశింబీ అందుకుంది. "షెడ్డు మేస్త్రీ చెప్పింది కూడా చెప్పరాదూ?"

"ఏం చెప్పాడమ్మా?" అన్నాడు తాత.

"రాడ్డుని కింద పట్టి ఉంచే బుష్‌లు అరిగిపోయినై, అందుకే ఏ గేరూ ఉండాల్సిన చోట లేదు, ఇవి మార్చుకోండని కొత్తవి పొట్లం కట్టిచ్చాడు. ఉగాదికి ముందు మాట. ఆ పొట్లం సీటు కింద అట్టాగే ఉంది. పూట పని తాతా."

"టైము ఏదక్కా?" అన్నాడు మీరా.

"గేరుబాక్సు రెండుసార్లు దింపడానికి ఉందిగా!"

తాత లేచాడు. లుంగీ ఎగగట్టి, మెల్లగా వ్యాను దగ్గరికి పోయి, డ్రైవరు సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగి ఆయన సైకిలు కూడా తొక్కినవాడు కాదు.

"రా. నేర్పు."

"నువ్వా తాతా?"

"నీ చెయ్యి వాచింది. ఎవరో ఒకరు తోలాలి గదా."

మీరా నవ్వుకుంటూ పక్కన ఎక్కాడు. ఇంజను మొదలైంది. ఎడమ కాలు క్లచ్ మీద పెట్టించాడు.

"ఒకటో గేరు యాడుంది?"

"ముందుకి. అంత ముందుకి కాదు. మూడు ఉండాల్సిన చోటుంది చూడు, దానికి కాస్త ఇవతల. లోపల ఎక్కడో మెత్తగా తగుల్తుంది. అక్కడాపి, ఊపిరి పీల్చుకున్నంతసేపు ఉండి, అప్పుడు నెట్టాల."

తాత నెట్టాడు. వ్యాను కర్రుమంది. దర్గా వాకిట్లో కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. మళ్ళీ నెట్టాడు. ఈసారి ఒక్క ఎగురు ఎగిరి ఇంజను ఆగిపోయింది. ఆరోసారీ అంతే. తొమ్మిదోసారీ అంతే. తాత గడ్డం మీదుగా చెమట కారుతోంది. ఒక్కో కర్రుకీ మీరా పళ్ళు జివ్వుమంటున్నాయి.

"అట్టా కాదు తాతా! ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

అని నాలిక కరుచుకున్నాడు. ఆరేళ్ళలో ఆయన ముందు గొంతు లేపడం అదే మొదలు.

తాతకి కోపం రాలేదు. "అది దొరికిందని ఎట్టా తెలుస్తుంది నాయనా?" అని అడిగాడు.

"చేతికి తెలుస్తుంది."

"ఏ చేతికి?"

మీరా వాచిన చేతిని చూసుకున్నాడు. "ఈ చేతికి."

తాత తాళం బయటికి తీశాడు.

"అయితే ఆ చెయ్యి ఇక్కడ పెట్టేసి, నువ్వెళ్ళి పడుకో."

ఆయన దిగి వెళ్ళిపోయి, మళ్ళీ సూది వెతుక్కున్నాడు. కాశింబీ కూడా నవ్వలేదు.

మీరా అక్కడే ఉండిపోయాడు. పోయిన వానాకాలం గుర్తొచ్చింది. జ్వరమొచ్చి తను రెండ్రోజులు లేవలేదు. వ్యానులో డయాలసిస్‌కి వచ్చే సుబ్బరత్నమ్మ టౌనుకి పోలేక కాళ్ళు నీరెక్కి, ఊపిరి అందక, గోడకి ఆనుకుని రాత్రంతా కూర్చుంది. మూడోరోజు తనని చూసి, "నువ్వు లేకపోతే మాకు దిక్కెవరయ్యా," అని ఏడ్చింది. ఆ మాట తనకి తియ్యగా తగిలింది. చాలా రోజులు నిద్రపోయే ముందు దాన్ని తలుచుకున్నాడు కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆమె గోడకి ఆనుకుని కూర్చున్న రాత్రే కళ్ళముందుకొచ్చింది.

సీటు కింద చెయ్యి పెట్టి పొట్లం తీశాడు.

"అక్కా, స్పానర్లు పట్టుకురా."

అతని మణికట్టు తిరగలేదు. కాశింబీయే కొంగు బిగించి కిందకి దూరింది. మీరా పక్కన పడుకుని టార్చి పట్టాడు. పాత బుష్‌లు నానిన అట్టముక్కల్లా చేతికొచ్చాయి. కొత్తవి ఎక్కాక ఆమె సీట్లో కూర్చుని ఒకటీ రెండూ వేసి చూసింది. ఎక్కడివి అక్కడ పడ్డాయి.

"మూడోది ఇంకా జారుతుందక్కా," అన్నాడు మీరా. "అది గేరుబాక్సు లోపలి రోగం. ట్యూబు కట్టుకో. ఎట్టా కట్టాలో చూపిస్తా."

చూపించాడు. ఆమె చేత రెండుసార్లు కట్టించాడు.

తెల్లారి దర్గా గేటు దగ్గర ఆరుగురూ తువ్వాళ్ళూ నీళ్ళ సీసాలతో నిలబడి ఉన్నారు. సుబ్బరత్నమ్మ అతన్ని చూసి ఆగింది.

"నువ్వు రావా మీరా?"

"అక్క తోల్తుంది పెద్దమ్మా."

ఆమె కాశింబీని కిందనించి పైదాకా చూసింది. ఎక్కి కూర్చుంది. "నిదానంగా పోనీ అమ్మాయ్," అంది. ఇక వెనక్కి చూడలేదు.

వ్యాను కదిలింది. ఒకటో గేరు పడింది, రెండోదీ పడింది. చప్పుడే లేదు. మలుపు దాకా దుమ్ము లేచి, ఆ దుమ్ము కూడా అణిగిపోయింది.

మీరా చాలాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వచ్చి తాత ముందు నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడు నేనేం చెయ్యాల తాతా?"

తాత కుట్టుపని మీదనించి తల ఎత్తలేదు.

"చాప మీద ఇసక పడింది. దులుపుకుని పడుకో."