తలపాగాకో బాన, పంచెకో బాన

ఏటి ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. రాజ్యం ఓ మోస్తరుదే గానీ, దాన్నేలే మకరంద భూపతి బట్టల పెట్టెలు మాత్రం భారీవి.

పొద్దున్నే లేస్తే ఒక పంచె. గుర్రమెక్కితే ఇంకొకటి. దిగితే మరొకటి. కట్టుకుని, అద్దంలో చూసుకుని, "బాలేదు" అని విప్పేసింది కూడా ఉతుక్కే.

దానికి తోడు మంత్రి వల్లభుడు ఊరంతా చాటింపు వేయించాడు. "రాజుగారి ఒంటికి రెప్పపాటు తగిలినా ఆ బట్ట మాసినట్టే! దాన్నెవరూ చేత్తో ముట్టకూడదు! బానలో ఉడకబెట్టాల్సిందే!"

రాజుగారు ఇంకో ముక్క కలిపారు. "నా తలపాగా, నా పంచె ఒకే బానలో ఉడకడమా? తలపాగా పరువేం కావాలి?"

అంతే. తలపాగాకో బాన, పంచెకో బాన, చేతిరుమాలుకో బాన. ప్రతి బాన కిందా ఓ పొయ్యి. ఆరేద్దామంటే ఎండ పనికిరాదు, కాకులు చూస్తాయట. నిప్పుల మీద ఆరబెట్టాలి. బట్టలుతికే రేవంతా పొగ. ఊళ్లో బియ్యం ఉన్న ఇళ్లలో కూడా పొయ్యిలోకి పుల్ల లేదు.

కట్టెలు అయిపోయేసరికి వల్లభుడి కళ్లు రేవు పక్క మామిడితోపు మీద పడ్డాయి. అది బట్టలుతికే వీధివాళ్లది. వాళ్ల తాతలు కడవలతో ఏటినీళ్లు మోసి పెంచింది. వానల్లో బట్టలారక పని ఆగిపోతే, ఎండాకాలం కాయలమ్మి దాచుకున్న దాంతోనే ఆ వీధి గంజి తాగేది.

"పట్టాభిషేకం పండగ అవ్వగానే తోపు కొట్టెయ్యండి" అన్నాడు మంత్రి.

కొలువులో తిప్పన అని ఒకడున్నాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. రేవులో పెద్దదిక్కయిన పోలమ్మ సరాసరి అతని అరుగు దగ్గరికొచ్చింది.

"ఏం బాబూ, అందర్నీ నవ్విస్తావంట కదా?"

"అదే నా కూడు, పోలమ్మా."

"మా తోపు కొట్టేస్తన్నారు. ఏదీ, ఇప్పుడు నన్ను నవ్వించు."

తిప్పన అరుగు మీద పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు.

"నిన్నో పంచె వచ్చింది బాబూ. మడత కూడా నలగలేదు. దానికి మోపెడు కట్టెలు తగలెట్టాను. మాసినవే పంపండి, అన్నీ కలిపి ఒక్క బానలో వేస్తాను, ఎండ ఊరికే కాస్తంది కదా ఆరేస్తాను అని మంత్రిగారికి చెప్పుకున్నా. 'రాజుగారి బట్టలకి పొదుపేమిటే' అని తెగ నవ్వాడు. ఆయన్ని నవ్వించడం నాకూ వచ్చు, నువ్వేం చేస్తావో చెప్పు."

తిప్పన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "బానలోంచి బట్టలు దేంతో తీస్తావు?"

"కర్రతో."

"ఆ కర్ర ఒకపూట అరువియ్యి."

"దేనికి? మంత్రిని కొడతావా?"

"కొడితే ఆయనొక్కడికే తగుల్తుంది" అన్నాడు తిప్పన.

ఏటేటా జరిగే ఆ పండగ వచ్చింది. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజుగారు ఆ రోజు ఎంతమందిని సన్మానించాలో అన్ని పట్టు ఉత్తరీయాలు ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఊరేగుతారు. తర్వాత కొలువులో ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కరి భుజాన వేస్తారు. రాజుగారి ఒంటిమీది బట్ట! దేవుడి శేషవస్త్రం అందుకున్నట్టు కళ్లకద్దుకోవాలి. అంతకు మించిన గౌరవం లేదు.

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. ఉత్తరీయాల కట్ట కింద రాజుగారు ఊరేగొచ్చారు. పైది మంత్రికి దక్కింది. తర్వాతవి పండితులకి, సేనాపతికి. అన్నిటికన్నా లోపలిది, ఒంటికి అంటుకుపోయింది, చివర్న తిప్పనకి మిగిలింది.

తిప్పన భుజం వంచలేదు. చంకలోంచి కర్ర తీసి ముందుకు చాచాడు.

"దీనిమీద వెయ్యండి ప్రభూ."

"ఏమిటది?"

"బానకర్ర. చేత్తో ముట్టకూడదని తమ చాటింపే కదా."

వల్లభుడు ఎగిరి లేచాడు. "ప్రభువుల ఉత్తరీయాన్ని కర్రతో పడతావా! ఎంత పొగరు!"

"మరి తమరు భుజాన వేసుకున్నారే మంత్రిగారూ? రెప్పపాటు తగిలితేనే మాసినట్టన్నారు. ఇవి పొద్దుట్నుంచీ ప్రభువుల ఒంటిమీదే ఉన్నాయి."

మంత్రి చెయ్యి భుజం దాకా వెళ్లి ఆగిపోయింది. తీస్తే రాజుగారికి అవమానం. ఉంచుకుంటే తన చాటింపు ఉత్తిది. పండితులు తమ ఉత్తరీయాల వంక తేలుని చూసినట్టు చూసుకున్నారు.

రాజుగారి ముఖం ఎర్రబడింది. "తిప్పనా! నా ఒంటి బట్ట మురికంటావా?"

"అయ్యో, నేనెందుకంటాను? తమరు విప్పిన బట్ట రేవుకెళ్తే మురికి, కొలువుకొస్తే ప్రసాదం. రెండింటికీ మధ్య దారిలో ఎక్కడ మారుతుందో చెప్తే అక్కడో మండపం కట్టిద్దాం."

వెనకాల ఎవరో కిసుక్కున్నారు.

"ప్రసాదమే అయితే ఆ పొయ్యిలెందుకు, పేదోళ్ల తోపు నరకడమెందుకు ప్రభూ? మురికే అయితే ఈ పెద్దలందర్నీ ఉత్తరీయాలతో సహా ఉడకబెట్టాలి. అదీ తలా ఒక బానలో. మంత్రిగారూ పండితులూ ఒకే బానలో ఉడికితే పరువేం కావాలి?"

రాజుగారు మీసం కొరుక్కున్నారు. పెదవి బిగబట్టారు. చూపు వల్లభుడి మీద పడింది. భుజం మీద చెయ్యి అలాగే ఉంది, తియ్యలేక, ఉంచలేక. ఇంక నవ్వు ఆగలేదు. సింహాసనం ఊగేలా నవ్వారు.

"వల్లభా, ఆ చాటింపు మార్పించు. మాసినవే ఉతకండి. అన్నీ ఒకే బాన. ఎండలో ఆరేయండి, కాకులు చూస్తే చూడనీ. తోపులో ఒక్క కొమ్మ విరిచినా ఊరుకోను." కళ్లు తుడుచుకుని తన మెళ్లో హారం తీసి తిప్పన మెడలో వేశారు. "ఏరా, ఇప్పుడైనా ఉత్తరీయం కప్పుకుంటావా?"

తిప్పన దాన్ని చేత్తోనే అందుకున్నాడు. కళ్లకద్దుకోబోయి ముక్కు దగ్గర ఆగాడు.

"ప్రభూ, నిజం చెప్పమంటారా? ఇది మాత్రం ఉతకాల్సిందే."

ఈసారి రాజుగారు నవ్విన నవ్వు రేవు దాకా వినపడింది.

మర్నాడు మామిడితోపులో ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి దండేలు కట్టారు. రాజుగారి తలపాగా, పంచె పక్కపక్కనే ఎండలో ఊగుతున్నాయి. చెట్టు కింద పోలమ్మ పచ్చిమామిడికాయ చెక్కి ఉప్పద్ది తిప్పన చేతిలో పెట్టింది. కొరగ్గానే పులుపుకి అతని ముఖం అష్టవంకర్లు పోయింది.

అప్పుడు నవ్వింది పోలమ్మ.