రాజుగారు తొందరగా కట్టించిన గోడ

అనగనగా ఒక రాజు. ఆయన పేరు నన్నడక్కండి పిల్లలూ, మా ఇంట్లో నా పేరే నాకు ఎవరో ఒకరు గుర్తుచెయ్యాలి. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో తాతల నాటి నియమాలూ మూడే. సరిహద్దు గోడ కట్టాలంటే ముగ్గురు మేస్త్రీలను పిలిచి ఒకణ్ణి ఎంచాలి. కట్టినవాడు ఆలుబిడ్డలతో మొదటి వానలన్నీ గోడ పక్కన గుడిసెలో ఉండాలి. కాపలాకు చేరేవాణ్ణి వాడి ఊరివాళ్లు ముగ్గురు సభలో పేరుపెట్టి పిలవాలి.

ఒకనాడు ఒక పరదేశి వచ్చాడు. "మహారాజా, రాక్షసదండు వస్తోంది. మూడు రోజుల్లో గోడ కడతాను, కాపలావాళ్లనూ నేనే తెస్తాను" అన్నాడు.

"ఇంకో ఇద్దరు మేస్త్రీలను పిలుద్దాం నాన్నగారూ" అన్నాడు పెద్దకొడుకు.

"సరిహద్దు పని. నియమం పక్కన పెట్టండి" అన్నాడు రాజు.

"ఇతని ఆలుబిడ్డలేరీ?" అన్నాడు నడిపివాడు.

"సరిహద్దు పని. నియమం పక్కన పెట్టండి."

"ఈ కాపలావాళ్ల పేర్లేమిటి?" అన్నాడు చిన్నవాడు విజయపాలుడు.

రాజు మళ్లీ అదే మాట.

మూడో రోజుకు గోడ లేచింది. తలుపుల గడియలు మాత్రం బయటివైపు ఉన్నాయి. పరదేశి మాంత్రికుడని అప్పుడు తెలిసింది. రాక్షసదండు లేదనీ అప్పుడే తెలిసింది. వాడు సింహాసనమెక్కి, రాజుచేత నీళ్లు మోయించాడు. కత్తులు దూసిన పెద్దకొడుకులిద్దరినీ రాళ్లు చేసి గోడలో పెట్టేశాడు. విజయపాలుడు తూములోంచి పాకి బయటపడ్డాడు, ఎలాగైనా అన్నలను బతికించుకోవాలని.

సముద్రపు ఒడ్డున ఒక తాబేలు, "ఆ మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది నాయనా" అని వీపు మీద ఎక్కించుకుంది. ఏడో సముద్రం దాటితే ఖాళీ పంజరం, దాని పక్కన ముసలి కొంగ.

"చిలకను మాంత్రికుడు తీసుకుపోయాడయ్యా" అంది కొంగ. "నా ఒక్కదాని కాపలా ఏం సరిపోతుంది? ఎవరో రాజు దానికోసం గోడ కట్టించి, సైన్యాన్ని కూడా పెట్టాడట. పాపం, మంచి రాజు."

విజయపాలుడు మళ్లీ తాబేలు వీపెక్కి వెనక్కి తిరిగాడు.

గోడ తలుపు దగ్గర మట్టిరంగు మొహాల కాపలావాళ్లు నిలబడ్డారు.

"మనుషులు కావాలా అన్నా?" అని అడిగాడు విజయపాలుడు.

"కావాలి. ఈటె తీసుకో."

"నా పేరు..."

"ఇక్కడెవరూ అడగరు."

తొలి వాన పడింది. కాపలావాళ్లంతా చూరు కిందికి పరిగెత్తారు. విజయపాలుడొక్కడే గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. అన్నల రాళ్ల మధ్య, బోలుగా ఉన్నచోట, తడిసిన చిలక వణుకుతూ అరుస్తోంది. ఈటెతో తవ్వి పట్టుకున్నాడు.

"మా అన్నలను బతికించు. నిన్ను వదిలేస్తాను."

"సున్నం ఆరకముందు రావాల్సింది బాబూ" అంది చిలక.

అతను దాని మెడ విరిచాడు. సింహాసనం మీద మాంత్రికుడు ఒరిగిపోయాడు. కాపలావాళ్లు వానలో బురదై కారిపోయారు. రాళ్లు రాళ్లుగానే ఉన్నాయి. ముసలిరాజు వాటి మీది సున్నం గోళ్లతో గీకుతూ గీకుతూ, ఆ వానలు వెలవకముందే కన్నుమూశాడు.

విజయపాలుడు ముగ్గురు మేస్త్రీలను పిలిచి, ఒకణ్ణి ఎంచి కొత్త గోడ కట్టించాడు. ఆ మేస్త్రీ కూతురు సింగారి వానాకాలమంతా తండ్రితో గుడిసెలో ఉంది. ఆమెనే పెళ్లాడి చాలాకాలం ఏలాడు.

సింహాసనానికి అటూ ఇటూ ఆ రెండు రాళ్లు ఉండేవి. ఎప్పుడైనా మంత్రులు "ప్రభూ, సరిహద్దు పని, ఈ ఒక్కసారికి నియమం..." అని మొదలుపెడితే, ఆయన చేత్తో రాళ్లను చూపించేవాడు.

"ముందు మా అన్నలకు చెప్పండి" అనేవాడు.