రాతి స్తంభాలు

శంఖదీవి సేనాపతి విశాఖుడికి ముద్ద దిగడం లేదు. దీవిలో మీసాలొచ్చిన ప్రతివాడూ పడమటి చక్రవర్తి ఓడ ఎక్కాలట. తూర్పు చక్రవర్తితో ఆయనకు యుద్ధం. చావడానికి వీళ్ల పిల్లలు. విశాఖుడి కొడుకు కూడా ఈ పూటే వెళ్తున్నాడు.

ఇంతకీ ఆ ఓడల్ని పిలిచి నెత్తిన పెట్టుకున్నదెవరు? ఈ మహానుభావుడే.

పూర్వం దీవికి కాపలా వెదురు గడలే. రేవు చుట్టూ నీళ్లలో మునిగిన రాళ్లు, లోపలికి ఒకటే దారి. ఆ దారి పొడుగునా గుర్తుగా గడలు పాతేవారు. పరాయి తెరచాప కనబడిందా, జాలరులు వెళ్లి గడలన్నీ పీకేసేవారు. వచ్చినవాడు రాళ్లకు కొట్టుకోవాలి, లేదా తిరిగిపోవాలి.

తూర్పు రాయబారి ఒకడు అది చూసి, "ఇదా మీ నౌకాదళం?" అని పడీ పడీ నవ్వాడు. విశాఖుడికి తల కొట్టేసినట్టయింది. పడమటివాడితో చెలిమి చేశాడు. వాళ్ల పెద్ద ఓడలు సుఖంగా రావాలని గడలు తీయించి రాతి స్తంభాలు కట్టించాడు, వాటి మీద దీపాలు పెట్టించాడు. ఊరంతా జేజేలు కొట్టింది. వద్దన్నది చిన్నప్పుడు అతనికి చదువు చెప్పిన రేవతభిక్షువొక్కడే. ముసలాయనకు చాదస్తమన్నారు.

ఇప్పుడా చాదస్తుడి దగ్గరికే పరుగెత్తాడు.

"గురువుగారూ, ఉపాయం దొరికింది. తూర్పు చక్రవర్తికి రహస్యంగా కబురు పెడతాను. ఆయన ఓడలొచ్చి వీళ్లను తరిమేస్తాయి."

భిక్షువు చిక్కుడు పాదుకు ఊతంగా ఉన్న పాత వెదురు గడను ఊడదీసి భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ రేవుకు వెళ్లి, తెప్ప మీద మొదటి స్తంభం దాకా వచ్చారు. భిక్షువు దాని పక్కనే ఇసుకలోకి గడ దించాడు.

"పీకు నాయనా."

విశాఖుడు లాగితే ఊడొచ్చింది.

"ఇప్పుడు దీన్ని."

అప్పుడే రేవులోంచి ఓడ కదిలింది. విశాఖుడు దాన్ని చూశాడు. చూసి, పిచ్చివాడిలా స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని లాగాడు. రాతికి పట్టిన గుల్లలు గీరుకుని అరచేతులు చీరుకుపోయాయి. స్తంభం కదల్లేదు. ఓడ రాళ్ల మధ్యనుంచి హాయిగా సాగిపోయింది. పైనున్న కుర్రాళ్లలో అతని కొడుకున్నాడు. నాన్న సాగనంపడానికి వచ్చాడనుకుని చెయ్యి ఊపాడు.

ఓడ రేపిన అలలకు తెప్ప ఊగింది.

"తూర్పువాడికి కబురు..." అన్నాడు విశాఖుడు.

"పంపించు," అన్నాడు భిక్షువు. "దారి ఎలాగని అడిగితే, దీపాలు పెట్టామని చెప్పు."