పసుపు దీపం

ఆదోని దగ్గర ఒక నూలు మిల్లులో చక్రధర్ అనే మేనేజరు ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, పనికి అడ్డొచ్చే మాట ఏదీ చెవిన వేసుకునేవాడు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన గదిలోని ఫైర్ అలారం పెట్టె మీద పసుపు దీపం వెలిగింది. సన్నగా కూత మొదలైంది. చక్రధర్ మీట నొక్కి కూత ఆపేశాడు. కాసేపటికి మళ్లీ కూసింది. మళ్లీ నొక్కాడు.

మెయింటెనెన్స్ ఇంజనీరు షాహిదా అది చూసి, పత్తి గోడౌన్‌కు వెళ్లే తీగ ఎక్కడో తెగినట్టుందని చెప్పింది. ఎర్ర దీపం వెలిగినప్పుడు చూసుకోవచ్చులే అన్నాడు చక్రధర్.

"ఆ తీగలో ఎప్పుడూ కొద్దిగా కరెంటు తిరుగుతూ ఉంటుంది సార్," అంది షాహిదా. "దాని చివరున్న పొగ పసిగట్టే పరికరానికి పొగ తగిలితే కరెంటు పెరుగుతుంది, ఎర్ర దీపం వెలిగి గంట మోగుతుంది. తీగ తెగితే కరెంటు ఆగిపోతుంది, పసుపు దీపం వెలుగుతుంది. ఇప్పుడు గోడౌన్ తగలబడినా ఎర్ర దీపం రాదు."

లారీలు బయల్దేరే వేళ ఇవన్నీ కుదరవని, రేపు చూద్దామని ఆయన తేల్చేశాడు. షాహిదా టార్చిలైటు తీసుకుని తీగ వెంటే వెతుక్కుంటూ వెళ్లింది.

గోడౌన్ వెనక మూలలో ఎలుక కొరికిన తీగ కనబడింది. అక్కడే కమురు వాసన కూడా వచ్చింది. ఒక పత్తి బేలు లోపల నిప్పు రాజుకుంటోంది. దాని అవతలే, అన్నం తిని నడుం వాల్చిన కూలీలు రంగమ్మ, హుస్సేనమ్మ నిద్రపోతున్నారు. షాహిదా వాళ్లను లేపి బయటికి తోసింది. ఆమె కేకలకు కూలీలు నీళ్ల గొట్టాలతో పరుగెత్తుకొచ్చారు.

చక్రధర్ వచ్చేసరికి తలుపులోంచి పొగ ఎగదన్నుతోంది. లోపల ఎవరైనా ఉన్నారా అని కేకేశాడు.

"ఎవరూ లేరు సార్, అందరం బయటే ఉన్నాం," అంది రంగమ్మ దగ్గుతూ.

మెల్లగా పొగ తగ్గింది. కొన్ని బేళ్లు కాలాయి, అంతే. చక్రధర్ షాహిదా వైపు తిరిగి, "నా మాట విని నువ్వు ఆగిపోయుంటే వీళ్లు మనకు దక్కేవాళ్లు కాదమ్మా," అన్నాడు.

తీగ అతికించాక గంట మోగించి చూపమని ఆయనే అడిగాడు. షాహిదా పరీక్ష కోసం ఆ పొగ పసిగట్టే పరికరానికి కొంచెం పొగ పట్టింది. మిల్లంతా అదిరేలా గంట మోగింది. చక్రధర్ కళ్లు మూసుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

చిన్న హెచ్చరిక వినబడగానే దాని కారణం వెతికినవారే పెద్ద ప్రమాదాన్ని తప్పించగలరు.