దాలమ్మ మడమ

చెప్పిన నోళ్ళు మట్టిలో కలిసిపోయాయి, విన్న చెవులు మిగిలాయి. ఆ చెవుల మీదుగా నాదాకా వచ్చిన కథ ఇది. అనగనగా సముద్రం పక్కన ఒక ఊరు. ఉప్పెన వచ్చినప్పుడల్లా మనుషుల్ని పట్టుకుపోయేది. ఊరంతా ఎక్కి నిలబడేంత పెద్ద దిబ్బ ఒకటి ఉంటే బతుకుతామని అందరూ అనుకున్నారు.

కానీ అక్కడి నేల మెత్తటి బంకమట్టి. తాగిన నీటిని ఒక పట్టాన వదలదు. మీద బరువు పడితే జారిపోతుంది. అందుకని మేస్త్రి గవరయ్య లోతుగా గుంతలు తవ్వించి ఇసక నింపించాడు. పైన మట్టి పోస్తే ఆ బరువుకు కింది నీరు ఇసక దారిన పైకి వచ్చేస్తుంది, బంకమట్టి గట్టిపడుతుంది. మంచి ఉపాయమే. కొలతాడు పట్టి నేలంతా ఆరు మూరలకొక గుంత తీయించాడు.

మొదటిసారి పోసిన దిబ్బ తూర్పున కుంగింది. రెండోసారి పోసింది నడిమికి చీలింది. ఆ మట్టంతా ఎత్తించి గవరయ్య మళ్ళీ తాడే తీశాడు. మహానుభావుడికి తాడు మీదున్న నమ్మకం నేల మీద లేదు!

అప్పుడు తట్టలు మోసే దాలమ్మ అనే ముసలిది నోరు విప్పింది.

"నేలంతా ఒక్కలాగుండదు బాబూ. మడమేసి అడగాల."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. నేల నీతో మాటాడతాదేటే?" అన్నాడు గవరయ్య.

"మాటాడదు బాబూ. నీళ్ళొదుల్తాది."

దాలమ్మ ఒకచోట మడమతో గట్టిగా నొక్కి, ఆకూవక్కా నోట్లో వేసుకుంది. వక్క నలగకముందే మడమ గుంటలోకి నీరూరింది. "ఇక్కడ ఇసక కలిసుంది. గుంతలు దూరంగా ఉన్నా సాలు."

ఇంకోచోట నొక్కింది. ఆకు నమిలి ఉమ్మేసరికి నీరూరింది. "ఇక్కడ నీ ఆరు మూరలే బాగున్నాయి."

మూడోచోట నొక్కింది. మూడు ఆకులు నమిలినా చుక్క రాలేదు. "ఇది పిసినారి మట్టి. రెండు మూరలకొక గుంత తియ్యి. పైన కొంచెం కొంచెం పొయ్యి. నీరు రావడం ఆగేదాకా తొందరపడకు."

అలా నేలంతా అడిగింది. చివరికి దక్షిణం మూల మిగిలింది. అక్కడ మొన్నటిదాకా దాలమ్మ గుడిసే ఉండేది. ఈసారి దిబ్బ కోసం తనే పీకించేసింది.

"ఇక్కడా మడమేస్తావా?" అన్నాడు గవరయ్య.

దాలమ్మ నవ్వింది. "నలభయ్యేళ్ళు పడుకున్న నేల బాబూ. నాకు తెల్దా? ఆరు మూరలు సాలు."

గవరయ్య ఆమె చెప్పినట్టే గుంతలు తీయించాడు. మూడోసారి దిబ్బ నిలిచింది. ఆ కార్తీకంలోనే ఉప్పెన వచ్చింది. ఊరు ఊరంతా దిబ్బెక్కింది. దాలమ్మ తన మూలనే నిలబడింది. కాసేపటికి ఆమె మడమ కింద నేల మెత్తగా కదిలింది. పాపం, ముందు తనకే తెలిసింది.

"జరగండి! నడిమికి పొండి!" అని అరిచింది. ముసలాళ్ళని నెట్టింది, మేకల్ని తోలింది, ఆఖరున ఒక పసిదాన్ని గవరయ్య చేతికి అందించింది.

"నువ్వూ రాయే అప్పా!" అని చెయ్యి చాచాడు గవరయ్య. ఆమెను అక్కను పిలిచినట్టు అప్పా అని పిలవడం అతనికదే మొదలు.

"అడగనేదు బాబూ," అంది దాలమ్మ. "నా నేలని నేనడగనేదు."

ఆ మూల జారిపోయింది. మిగతా దిబ్బ చెక్కుచెదరలేదు. ఊరంతా బతికింది, దాలమ్మ తప్ప.

గవరయ్య మళ్ళీ తాడు పట్టలేదంటారు. ఆ పక్క ఊళ్ళలో ఇప్పటికీ పునాది తీసేముందు ఇంటి పెద్ద ఆకూవక్కా నోట్లో వేసుకుని, చెప్పులు విడిచి మడమ వేస్తాడు. మొదటి మడమ పరాయి నేల మీద కాదు, తన గడప ముందే. ఎవరైనా నాకంతా తెలుసని మిడిసిపడితే, పక్కనున్నవాళ్ళు మెల్లగా అడుగుతారు:

"దాలమ్మ మూలని అడిగేవా?"